ఆంధ్రేతిహాస పరిశోధక మండలి

రాజమహేంద్రవరమున ఈ మండలి 1922లో వెలసినది. నన్నయభట్టు నాదరించిన రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు అప్పటికి సరిగా తొమ్మిదివందల యేండ్లు. ఆ లెక్కకు ఆధారము కోరుమిల్లి తామ్రశాసనము. అందు శకవర్షము 944 అని స్పష్టముగా నున్నది. అమలాపురమువారమైన మాకును కోరుమిల్లికిని నడుమ గౌతమి యొక్కటే గదా! ఈ గర్వమును చదువరులు మన్నింతురు గాక.

మండలిని నడపినవారిలో భావరాజు వేంకటకృష్ణారావుగారు న్యాయవాది, రాళ్లబండి సుబ్బారావుగారు చరిత్రోపన్యాసకులు. తమ వృత్తులు చేసికొనుచునే శాసనములు వెదకిరి, చదివిరి, చదివించిరి. 1926లో ఆంగ్లమున త్రైమాసపత్రిక నారంభించిరి. దానిచే మన రాజవంశముల చరిత్ర దేశాంతర పండితుల దృష్టికి వచ్చినది. అది గొప్ప మేలు.

అయినను మాకు వారి తెలుగు సంచికలే ప్రియతరములు. తామ్రపత్రము దొరకునది పండితుని బల్లపై కాదు, రైతు నాగటిచాలున. ఆంగ్లపత్రిక ఆతనికేమి చెప్పగలదు? అది రాజశాసనమని తెలియనివాడు దానిని రాగి వెలకు కంచరివాని కమ్మివేయును. చెంబై, బిందెయై పోయిన శాసనమును ఏ పండితుడును చదువలేడు.

రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచిక, 1935 నాటి కాకతీయ సంచిక, 1947 నాటి రెడ్డి సంచిక ఈ కొరతను కొంత తీర్చినవి. రాజమహేంద్రవర రెడ్ల యేలుబడిలో మా కోనసీమయు నుండెను గనుక, మా విద్యార్థులచేత కడపటిదానినే ముందుగా చదివించుచున్నాము.