ఏడు ప్రాకారాల పానగల్ కోట

పానగల్: వనపర్తి జిల్లా పానగల్ మండల కేంద్రం చెంతనున్న గిరిదుర్గం దక్కన్ చరిత్రను మలుపు తిప్పిన యుద్ధానికి సాక్షి. ఛాయా సోమేశ్వరాలయం గల నల్గొండ సమీపంలోని పానగల్ వేరు, ఇది వేరు.

బహమనీ సుల్తాను ఫిరోజ్ షా 1417లో ఈ కోటను ముట్టడించాడు. సుమారు రెండేళ్లు గడిచినా దుర్గం లొంగలేదు. సుల్తాను శిబిరంలో అంటువ్యాధి ప్రబలి సైనికులు, గుర్రాలు పెద్ద సంఖ్యలో మరణించాయి. అదను చూసి విజయనగర సేనలు అతనిని ఓడించాయి. 1422లో ఫిరోజ్ షా సింహాసనం వీడాడు. తర్వాతి కాలంలో కోట కుతుబ్‌షాహీల వశమైంది. 1786 నుంచి 1789 వరకు నిజాం అలీఖాన్ ఇక్కడ నివసించాడు.

ఏడు ప్రాకారాలు, నడుమ బాలాహిస్సార్ ఈ కోట ప్రత్యేకత. శత్రువులకు లొంగని రాతిగోడలను నేడు చెట్ల వేళ్లు చీల్చగలవు. మొలకలను పెరగకముందే వేళ్లతో తొలగించాలి. మరమ్మతులకు సిమెంటు కాక సున్నమే వాడాలి. గుప్తనిధుల పేరిట పునాదులు తవ్వే దురాశను గ్రామస్థులే అడ్డుకోవాలి.

సందర్శకులు వనపర్తి మీదుగా చేరుకోవచ్చు. ఉదయమే కొండ ఎక్కడం, తాగునీరు వెంట తీసుకెళ్లడం మేలు. గోడలపై పేర్లు చెక్కరాదు.