మూడు మార్కుల మసక

వెర్మాంట్ రాష్ట్రం, స్టో ఊరు. అక్టోబరు మొదటి వారం, సాయంత్రం నాలుగున్నర. రెండు రోజులకు అద్దెకు తీసుకున్న చెక్క ఇల్లు, వంటింట్లో గుండ్రటి బల్ల. కిటికీ అవతల కొండంతా పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టు మేపుల్ చెట్లు. వాటిని చూడ్డానికే మూడు గంటలకు పైగా కారులో వచ్చాం గానీ, ప్రస్తుతం ఎవరి చూపూ అటు లేదు.

బల్ల మీద నాలుగు వెండిరంగు టిన్నులున్నాయి. ఒక్కోటి 473 మిల్లీలీటర్లు. పేరు హెడీ టాపర్. ఇండియా పేల్ ఏల్‌లో డబుల్ రకం, ఆల్కహాల్ 8 శాతం. మేం ముగ్గురం: నేను, బాస్టన్‌లో ఉద్యోగం చేసే మా బావ, ఆరు నెలలుందామని సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి కొడుకు దగ్గరికొచ్చిన మా మామ. నాలుగో కుర్చీ మీది. కూర్చోండి.

బావ బీరు జడ్జీ పరీక్షకు చదువుతున్నాడు. అందుకే తాగడానికి ముందు కాగితాలు పంచాడు. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళ పోటీలకు వాడే మార్కుల పత్రం అది. మొత్తం 50: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తమ్మీద ఎలా ఉందన్నదానికి 10. అసలు పోటీలో అయితే ఏ బీరో తెలియకుండా గ్లాసు ఒక్కటే ముందు పెడతారు. ఇక్కడ టిన్ను మీద పేరు కనిపిస్తూనే ఉంది కాబట్టి మన తీర్పుకు విలువ ఎంతో మీరే ఊహించుకోండి.

టిన్ను తెరిచాడు. చిన్న ‘టుస్’. అంతే, గది మారిపోయింది. ఎవరో బల్ల మీద పండు కోసినట్టు. ఇంకా ఎవరి ముక్కూ దగ్గరికి పోనేలేదు!

పేచీ ఇక్కడే మొదలైంది. గ్లాసులో వంచకుండా టిన్నుతోనే తాగమని టిన్ను అంచునే అచ్చేశారు. వంపితే బీరులో వేసే హాప్స్ అనే పూల పరిమళం గాలిలో కలిసిపోతుందని తయారుచేసినవాళ్ళ వాదన. పోయకపోతే రంగెలా చూడాలి, మార్కులెలా వేయాలి అని బావ.

"దొప్పల తాగే కల్లును గాజు గ్లాసుల పోస్తరా ఎవరన్న?" అన్నాడు మామ. "మన తాటాకు వాసన గూడ కల్లుల భాగమే."

మొదటి గుక్క టిన్నుతో, మిగిలింది గ్లాసులో అని రాజీ కుదిరింది.

ఇప్పుడు గ్లాసును కిటికీ వైపు ఎత్తి పట్టుకోండి. వేళ్ళు ఆనవు. వెలుతురు లోపలికి వెళ్తుంది గానీ ఇవతలికి రాదు. ముదురు పసుపు, అంచుల్లో నారింజ, పైన రెండు వేళ్ళ తెల్లటి నురగ. వడకట్టని బీరు కదా, హాప్స్‌లోని వగరు పదార్థాలు, ధాన్యంలోని మాంసకృత్తులు జట్టుకట్టి తేలుతుంటే ఈ మసక వస్తుంది. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది ఓట్లు, గోధుమ కలిపి దీన్ని ఇంకా చిక్కన చేశారు.

"గిదేంది, కల్లు లెక్కనే ఉన్నది గద!" మామ మొహంలో మొదటిసారి నమ్మకం కనిపించింది. అమెరికా వచ్చినప్పట్నుంచీ ఇచ్చిన తేటబీర్లన్నీ ఆయనకు సోడాల్లాగే అనిపించాయట.

బీరంటే అద్దంలా తేటగా ఉండాలని పాఠం చెప్పిన దేశంలో ఇది తప్పుగానే మొదలైంది. జాన్, జెన్ కిమ్మిక్ దంపతులు 2003లో ఇక్కడికి దగ్గర్లోని వాటర్‌బరీలో ‘ది ఆల్కెమిస్ట్’ అనే పబ్ పెట్టారు. మరుసటేడు ఈ బీరు కాచారు. ఇందులోని ఈస్ట్ పేరు కోనన్. బర్లింగ్టన్‌లో 1988లో పబ్ తెరిచిన గ్రెగ్ నూనన్ దగ్గర జాన్ పని నేర్చుకున్నాడు. ఈస్టూ అక్కణ్ణుంచి వచ్చిందే. అంటే గురువుగారింటి తోడు అన్నమాట. పెరుగుకైనా బీరుకైనా రుచి సగం తోడులోనే ఉంటుంది.

2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను వరద పబ్‌ను ముంచేసింది. అప్పటికే ఊళ్ళో మరోచోట సిద్ధం చేసుకున్న కర్మాగారం నుంచి కొద్ది రోజులకే టిన్నులు బయటికొచ్చాయి. తర్వాత జనం తాకిడి ఎంతయిందంటే, కార్ల రద్దీకి తట్టుకోలేక 2013లో అక్కడి దుకాణం మూసేశారు. మేం ఇవాళ కొన్నది 2016లో స్టోలో తెరిచిన రెండో కర్మాగారంలో. ఇంతమంది వెంటపడ్డ ఈ మసకను బీరు కాచేవాళ్ళ పెద్ద సంఘం, బ్రూయర్స్ అసోసియేషన్, వేరే రకంగా ఒప్పుకుని పేరుపెట్టింది మాత్రం 2018లో.

ఇక ముక్కు పెట్టండి. గట్టిగా పీల్చకండి, కుక్కపిల్ల మాదిరి చిన్నగా రెండు మూడుసార్లు.

"బత్తాయి తొక్క," అన్నాడు మామ వెంటనే. నల్గొండ బత్తాయి తోటల మధ్య పెరిగిన ముక్కు, సందేహం లేదు. బావ పత్రంలో ‘గ్రేప్‌ఫ్రూట్’ అని రాసుకున్నాడు. వెనక దేవదారు జిగురు లాంటిదొకటి ఉంది. ఇంకొంచెం లోపల జామ. కొన్ని హాప్స్‌లో గంధకం కలిసిన థయాల్స్ అనే పదార్థాలుంటాయి, జామలోనూ అవే ఉంటాయి. కనుక ఇది కవిత్వం కాదు. అవే థయాల్స్‌లో ఒకటి మోతాదు మించితే పిల్లి పాడుచేసిన మూల గుర్తొస్తుందని బావ అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కాసేపు నాకదే వచ్చింది.

గుక్క వేయండి. వెంటనే మింగకండి.

ముందు మెత్తగా, కొంచెం తీపిగా. నాలుక నడుమకొచ్చేసరికి పండు. మింగాక చేదు మెల్లగా లేచి వెనక పళ్ళ దగ్గర కూర్చుంటుంది. హాప్స్‌ను మరిగిస్తే చేదు దిగుతుంది; పొయ్యి ఆపాక, పులిసేటప్పుడు వేస్తే పరిమళం దిగుతుంది. హేజీ అనే ఈ మసక రకాలన్నీ ఈ రెండోదాని మీదే నడుస్తాయి. ఇందులో మొదటిదీ గట్టిగానే ఉంది.

"రుచికి పదిహేడే," అన్నాడు బావ. "గైడ్‌లైన్స్‌లో హేజీకి ఇంత చేదు లేదు."

"ఈ బీరును చూసే కదా బావా ఆ రకం పుట్టింది? మనవడి చొక్కా పట్టలేదని తాతకు మార్కులు తగ్గిస్తావా?"

బావ పెన్ను కదపలేదు. నాకు మాత్రం ఆ చేదే నచ్చింది. చెప్పాలంటే పూర్తి చేదు కాదు, వగరు కలిసింది. ముక్కు పండిన జామ అంది, నాలుక దోరజామ అంటోంది: కొరికితే పళ్ళకు పట్టి, తీపి ఇంకా రాబోతున్న జామ. బావ పత్రంలో ‘దోర’కు మాట లేదు. ‘గువా’ అని రాసి ఊరుకున్నాడు.

వాసన 11, రూపం 3, రుచి 17, నోటి తీరు 4, మొత్తం తీరు 8. వెరసి 43.

అప్పుడు బావ సంచిలోంచి ఐదో టిన్ను తీశాడు. ఇదే బీరు; జూన్‌లో కొని, పరీక్షకు పనికొస్తుందని వేసవంతా తన గ్యారేజీలో పడేశాడట. నేరం పూర్తిగా ఆ గ్యారేజీదే.

పక్కపక్కన పెట్టి చూడండి. రంగు వడిలింది, కోసి వదిలేసిన ఆపిల్ ముక్కలా గోధుమ వైపు తిరిగింది. వాసనలో బత్తాయి లేదు, జామ లేదు. పాత అట్టపెట్టె, ఇంత తేనె. వేడికీ, లోపల మిగిలిన కాస్త గాలికీ ముందు చచ్చేది పరిమళమే. చేదు మాత్రం ఉంది, తోడెవరూ లేక మొరటుగా. బావ 21 వేశాడు.

మామ ఒక్క గుక్కతో పక్కకు నెట్టాడు. "మాపటి కల్లు." పొద్దున దింపింది పొద్దుననే తాగాలని, ఎండెక్కితే పులుస్తుందని ఆయనకు ఏ పత్రమూ చెప్పక్కర్లేదు. తర్వాత మార్కుల కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"గీ మసక చూసెటందుకేనా గ్లాసుల పొయ్యాలని మీ పంచాయితీ? దీనికి మూడే మార్కులా?"

"మూడే నాన్నా."

"యాబైకి?"

"ఆఁ."

మామ నవ్వి గ్లాసు ఖాళీ చేశాడు. అడుగున సన్నటి మడ్డి. లేవబోయి బల్ల అంచు పట్టుకున్నాడు; 8 శాతం ఎప్పుడూ ఇలాగే ఆలస్యంగా పలకరిస్తుంది. "కొత్తయి ఎన్ని దినాలుంటయిరా?"

"ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాలు. తొందరగా తాగితేనే మేలు."

ముగ్గురం మీ ముందున్న టిన్ను వైపు చూస్తున్నాం. బయట తేమ పట్టి బొట్లు జారుతున్నాయి. చెప్పండి, గ్లాసు తేనా, అట్లాగే ఎత్తుతారా?