గని కూలీలకు మనం పడ్డ ఋణం
మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, చరిత్ర చదువుతూంటే గనులు ఎదురుకావడం బొగ్గుబావుల ఊరు శ్రీరాంపూర్‌లో పుట్టిన నన్ను ఆలోచింపజేసింది.

ఈ వ్యాధికారకాలలో న్యూమోకాకస్ ముఖ్యమైనది. ఎందరి గొంతులోనో హాని చేయకుండానే కాపురముంటుంది. దాని బలం ఒంటిమీది చక్కెర పొర. దానివల్ల తెల్లరక్తకణాలు దానిని సులభంగా మింగలేవు. రక్తంలో చేరాక మెదడు రక్తనాళాల గోడ అడ్డుపడుతుంది. అక్కడి కణాలు సందులేకుండా అతుక్కుని ఉంటాయి. ఆ కణాలపైనున్న లామినిన్ గ్రాహకాన్నే న్యూమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ మూడూ పట్టుకుంటాయని 2009లో పరిశోధకులు చూపారు. ముగ్గురు దొంగలకూ ఒకటే తలుపన్నమాట!

న్యూమోకాకస్ టీకాను తొలిసారి పెద్దయెత్తున పరీక్షించినది 1911లో, ఆల్మ్రోత్ రైట్. ఎక్కడ? దక్షిణాఫ్రికా బంగారు గనులలో, కిక్కిరిసిన బసలలో న్యుమోనియాతో రాలిపోతున్న నల్లజాతి కూలీలపైన. 1970లలో రాబర్ట్ ఆస్ట్రియన్ చక్కెర పొరతో చేసిన టీకాను పరీక్షించినదీ అక్కడి గని కార్మికులపైనే. 1977లో అమెరికా దానిని అనుమతించింది. రెండేళ్ళలోపు పసివారి దేహం ఆ చక్కెరను సరిగా గుర్తించదు గనుక, దానిని ప్రోటీనుకు జతచేసిన టీకా 2000లో వచ్చింది. మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలై, 2021లో దేశమంతటికీ విస్తరించింది.

శాస్త్రవేత్తల పేర్లు గ్రంథాలకెక్కాయి. ఆ కూలీల పేర్లు ఎక్కలేదు. ఈనాడు మా ఊరి పసిపాపకు వేసే సూదిలో వారి పాలూ ఉంది. పొట్టకూటికి భూగర్భంలోకి దిగడమంటే ఏమిటో తెలిసిన మేమైనా వారిని తలచుకోవద్దా?