38 మంది నిజంగా చూస్తూ ఊరుకున్నారా? ఒక తప్పుడు వార్త నుంచి పుట్టిన కాలేజీ పాఠం

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునే చరిత్ర అమెరికాలో మొదలవుతుంది. కానీ చివరికి మన హాస్టల్ వరండా దాకా వస్తుంది. కాస్త ఓపిగ్గా వినండి.

మనందరం చూసిన వీడియోలే ఇవి. బస్టాండులో ఒకణ్ణి కొడుతుంటారు, చుట్టూ పాతికమంది ఉంటారు, అందులో పదిమంది చేతుల్లో ఫోన్లు. కింద కామెంట్లు చూస్తే ఒకటే మాట: "మానవత్వం చచ్చిపోయింది బ్రో." ఇంకొకరు అంటారు: "జనం ఇంతే, ఎవడూ పట్టించుకోడు."

ఈ మాట ఎంత పాతదో తెలుసా? దీనికి అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. దాని మొదట్లో ఒక వార్త ఉంది. ఆ వార్తలో చాలా భాగం తప్పు. విచిత్రం ఏంటంటే, ఆ తప్పుడు వార్త నుంచే ఒక మంచి చదువు పుట్టింది. దాన్ని ఇవాళ చాలా యూనివర్సిటీల్లో బైస్టాండర్ ట్రైనింగ్ అంటున్నారు. బైస్టాండర్ అంటే ఎవరు? గొడవ తనది కాదు, కానీ గొడవ జరిగే చోట తనున్నాడు. ఆ మనిషి.

సరే, కథలోకి వెళదాం. 1964 మార్చి 13, న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతం. తెల్లవారుజామున మూడు దాటింది. కిట్టీ జెనొవీస్ అనే 28 ఏళ్ళ అమ్మాయి ఒక బార్‌లో మేనేజరు. పని ముగించుకుని ఇంటికొస్తుంటే వీధిలో ఒకడు కత్తితో పొడిచాడు. ఆమె అరిచింది. పై అంతస్తు కిటికీలోంచి ఒకాయన ఆ అమ్మాయిని వదిలెయ్యమని గట్టిగా కేకేశాడు. వాడు పారిపోయాడు. ఆమె ఎలాగో నడుచుకుంటూ బిల్డింగ్ వెనకవైపు గుమ్మంలోకి చేరింది. కాసేపటికి వాడు మళ్ళీ వచ్చి, వెతికి, లోపలే దాడి చేశాడు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ఆమె చనిపోయింది.

రెండు వారాల తర్వాత, మార్చి 27న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో పెద్ద కథనం వచ్చింది. 38 మంది మర్యాదస్తులు, చట్టానికి లోబడి బతికేవాళ్ళు, అరగంటకు పైగా ఈ హత్య చూస్తూ నిలబడ్డారని, దాడి జరుగుతున్నంతసేపూ ఒక్కరూ పోలీసులకి ఫోన్ చేయలేదని దాని సారాంశం. దేశమంతా అదిరిపోయింది. పెద్ద నగరాల్లో మనిషి గుండె రాయి అయిపోయిందని ఉపన్యాసాలు మొదలయ్యాయి. మన కామెంట్ సెక్షన్ మాటే, కాకపోతే ఖరీదైన ఇంగ్లీషులో.

తర్వాత దశాబ్దాల్లో ఓపికున్నవాళ్ళు కోర్టు కాగితాలు తిరగేశారు, బతికున్న సాక్షులతో మాట్లాడారు. మొత్తం కళ్ళారా చూసిన 38 మంది అక్కడ లేరని తేలింది. చాలామందికి నిద్రలో ఏదో కేక మాత్రమే వినపడింది. రెండో దాడి బిల్డింగ్ లోపల జరిగింది, వీధి కిటికీల్లోంచి అది కనపడదు. సోఫియా ఫరార్ అనే పొరుగింటావిడ విషయం తెలియగానే కిందికి పరిగెత్తుకెళ్ళింది. హంతకుడు ఇంకా అక్కడే ఉన్నాడేమో కూడా ఆమెకి తెలీదు. అంబులెన్స్ వచ్చేదాకా కిట్టీని ఒళ్ళో పట్టుకునే ఉంది. పేపర్ కథనంలో ఆమె ఊసే లేదు. 2016లో హంతకుడు జైల్లో చనిపోయినప్పుడు ఆ పత్రికే తన పాత కథనంలో సాక్షుల సంఖ్యనీ, వాళ్ళు చూసినదాన్నీ బాగా పెంచి రాశామని ఒప్పుకుంది.

అలాగని అందరూ మంచివాళ్ళే అనడం లేదు. కళ్ళారా చూసి కూడా తలుపేసుకున్నవాడు ఒకడున్నాడు. నాకెందుకీ గొడవ అనుకున్నానని తర్వాత చెప్పాడు కూడా. మన భాషలో "మనకెందుకులే". ఆ మాటకి దేశం లేదు, భాష లేదు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యం అనిపించే ముక్క ఇంకొకటి ఉంది. ఆ హంతకుడు ఎలా దొరికాడో తెలుసా? హత్య జరిగి వారం తిరక్కముందే, అదే క్వీన్స్‌లో పట్టపగలు ఒక ఇంట్లోంచి టీవీ మోసుకుపోతున్నాడు. పక్కింటాయన చూసి ఏంటి బాబూ అనడిగాడు. ఇల్లు మారుతున్నారు, సాయం చేస్తున్నా అన్నాడు వీడు. పక్కింటాయనకి అనుమానం వచ్చి ఇంకో పొరుగాయన్ని అడిగాడు. అబ్బే, వాళ్ళు ఇల్లు మారడం లేదే అన్నాడాయన. ఒకరు పోలీసులకి ఫోన్ చేశారు. ఇంకొకరు వాడి కారు స్టార్ట్ కాకుండా ఇంజిన్లో ఒక ముక్క పీకేశారు. దొరికిపోయాడు. తర్వాత హత్య సంగతీ ఒప్పుకున్నాడు.

చూడండి, ఎవరూ కలబడలేదు. ఒకరు అడిగారు, ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఫోన్ చేశారు, కారు ఆపారు. జనం పట్టించుకోరు అనడానికి లోకమంతా ఉదాహరణగా చెప్పుకునే కేసులోనే హంతకుణ్ణి పట్టించింది పట్టించుకున్న జనం. ఈ ముక్క మాత్రం ఆ 38 అంకెలా ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు సైన్సు దగ్గరికి వద్దాం. ఆ కథనం చదివినవాళ్ళలో న్యూయార్క్‌లోనే పనిచేసే ఇద్దరు కుర్ర సైకాలజిస్టులు ఉన్నారు. జాన్ డార్లీ, బిబ్ లటానే. జనం చెడిపోయారు అనే జవాబు వాళ్ళకి చాల్లేదు. 38 మంది ఉన్నా ఎవరూ కదల్లేదు అంటున్నారు కదా, 38 మంది ఉండబట్టే కదల్లేదేమో అని అనుమానించారు.

పరీక్ష పెట్టారు. ఒక విద్యార్థిని గదిలో కూర్చోబెట్టి, మైకులో వేరే గదుల్లోని విద్యార్థులతో కాలేజీ జీవితం గురించి మాట్లాడమన్నారు. మధ్యలో ఒక గొంతుకి ఫిట్స్ వచ్చినట్టు వినిపిస్తుంది, సాయం అడుగుతుంది. అది ముందే రికార్డు చేసిన గొంతు, కానీ వినేవాళ్ళకి తెలీదు. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది, ఆ గొంతు ఆగిపోయేలోపే లేచి వెళ్ళి చెప్పారు. ఇంకొకరు కూడా వింటున్నారు అనుకుంటే 62 శాతం. ఇంకో నలుగురు వింటున్నారు అనుకుంటే 31 శాతం. 1968లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

మరి లేవనివాళ్ళు రాతిగుండెలవాళ్ళా? కాదు. గదిలోకి వెళ్ళి చూస్తే చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమట పట్టాయి, ఆ అబ్బాయికి ఎలా ఉందని వాళ్ళే అడిగారు. బాధ ఉంది, కానీ ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారులే అనే ఆలోచన కాళ్ళు కట్టేసింది.

ఇంకో పరీక్షలో గదిలోకి పొగ వదిలారు. ఒక్కడే ఉన్నప్పుడు 75 శాతం మంది బయటికొచ్చి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుంటే, వాళ్ళని అలా కూర్చోమని ముందే చెప్పి ఉంచారు లెండి, అప్పుడు 10 శాతమే చెప్పారు. మిగతావాళ్ళు దగ్గుతూ కూడా కూర్చున్నారు. ఎందుకంటే పక్కవాడి మొహంలో కంగారు లేదు. పక్కవాడేమో వీడి మొహం చూస్తున్నాడు. అందరూ అందరి మొహాలు చూసి, ఏమీ లేదులే అని తేల్చేసుకుంటారు.

1970లో ఈ ఇద్దరూ ఒక పుస్తకం రాశారు. సాయం చేయడానికి మనిషి ఐదు మెట్లు ఎక్కాలన్నారు. ఒకటి, జరిగేది గమనించాలి. రెండు, ఇది ప్రమాదమే అని గుర్తించాలి. మూడు, ఇది నా బాధ్యత అనుకోవాలి. నాలుగు, ఏం చేయాలో తెలియాలి. ఐదు, చేయాలి. ఏ మెట్టు దగ్గర ఆగినా సాయం అందదు.

మెట్లు అని తేలాక తర్వాతి ప్రశ్న సహజంగా వస్తుంది. ఎక్కడం నేర్పొచ్చా? 1978లో మోంటానా యూనివర్సిటీ వాళ్ళు ఇదే చూశారు. కొంతమంది విద్యార్థులకి ఈ పరిశోధన మీద క్లాసు చెప్పారు, కొంతమందికి చెప్పలేదు. రెండు వారాల తర్వాత, వేరే సందర్భంలో, గోడ పక్కన ఒక మనిషి పడి ఉన్నట్టు ఏర్పాటు చేశారు. క్లాసు వినని వాళ్ళలో 25 శాతం మంది ఆగారు. విన్నవాళ్ళలో దాదాపు 43 శాతం. ఒక్క క్లాసుకే ఇంత తేడా. కాబట్టి ఈ ఎపిసోడ్ వింటున్న మీరు కూడా ఇప్పుడు క్లాసు విన్న బ్యాచ్‌లో ఉన్నట్టే.

1993లో బోస్టన్‌లోని నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీలో జాక్సన్ కాట్జ్ అనే ఆయన ఈ చదువుని మగపిల్లల దగ్గరికి, ముఖ్యంగా ఆటగాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పటిదాకా అమ్మాయిల మీద వేధింపుల గురించి క్లాసు అంటే అబ్బాయిలని తప్పు చేసేవాళ్ళలాగా, అమ్మాయిలని బాధితుల్లాగా కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు. ఈయన అబ్బాయిలతో వేరేగా మాట్లాడాడు: నీ ఫ్రెండ్ తప్పు చేయబోతుంటే నువ్వేం చేస్తావు? అందరూ ఒకే జట్టు, కెప్టెన్ నోరు విప్పితే జట్టు వింటుంది. తర్వాత న్యూ హాంప్‌షైర్, కెంటకీ యూనివర్సిటీలు సొంత కోర్సులు తయారు చేశాయి. 2013లో అమెరికాలో చట్టమే వచ్చింది, కాలేజీలో చేరే కొత్త విద్యార్థులకి ఇది నేర్పాలని. అక్కడ చదువుతున్న మన పిల్లలు ఓరియంటేషన్‌లో చూసే వీడియోల వెనకున్న చరిత్ర ఇదే.

ఇది మంత్రమేమీ కాదు. 2019లో ఇలాంటి ట్రైనింగుల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. జోక్యం చేసుకునేవాళ్ళు పెరిగారు, కానీ ఆరు నెలల్లో ఆ ప్రభావం తగ్గిపోతోంది. తప్పు చేసేవాళ్ళ ప్రవర్తన మారినట్టు అయితే కనపడలేదు. అంటే సంవత్సరానికోసారి సెమినార్ హాల్లో ఫొటోలు దిగితే సరిపోదు.

ఇక మన దగ్గరికి వద్దాం. మనకి ర్యాగింగ్ మీద చట్టం కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే వచ్చింది. సుప్రీంకోర్టు చెప్పాక రాఘవన్ కమిటీ 2007లో రిపోర్టు ఇచ్చింది. 2009లో హిమాచల్‌లో ఒక మెడిసిన్ కుర్రాడు ర్యాగింగ్‌లో చనిపోయాక, ఆ ఏడాదే యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. అడ్మిషన్ టైంలో ఇచ్చే అఫిడవిట్ అక్కడి నుంచి వచ్చిందే. హెల్ప్‌లైన్ కూడా ఉంది, 1800-180-5522. ఫోన్లో సేవ్ చేసుకోండి.

మన దగ్గర ఉన్నవి ఎక్కువగా శిక్షలు. అది చేస్తే సస్పెన్షన్, ఇది చేస్తే కేసు. అవి కావాలి. కానీ రాత్రి పదకొండింటికి పక్క రూములో ఒక జూనియర్‌ని ఇంట్రో పేరుతో గంటసేపు నిలబెట్టి ఏడిపిస్తుంటే, ఆ ఫ్లోర్‌లో ఉన్న మిగతా ముప్పైమంది ఏం చేయాలో ఎవరు నేర్పారు? వాళ్ళలో చాలామందికి లోపల బాధగానే ఉంటుంది. ఆ మైకు పరీక్షలో చేతులు వణికిన విద్యార్థుల్లాగే. మూడో మెట్టు దగ్గరో, నాలుగో మెట్టు దగ్గరో ఆగిపోతారు.

అందుకే నాలుగో మెట్టు మన భాషలో చెప్పుకుందాం. కెంటకీ వాళ్ళ కోర్సులో మూడు దారులున్నాయి. మొదటిది నేరుగా చెప్పడం. సీనియర్ మీ ఊరివాడో, మీ మాట వినేవాడో అయితే "అన్నా, చాల్లే, వాడు భయపడుతున్నాడు" అనొచ్చు. గొంతు పెంచకండి, పదిమంది ముందు పరువు తీసేలా మాట్లాడకండి. పరువు పోతోంది అనిపిస్తే ఎవరూ వెనక్కి తగ్గరు. పక్కకి పిలిచి చెబితే తగ్గుతారు. గొడవ చల్లార్చడంలో సగం పని అదే.

రెండోది దారి మళ్ళించడం. "అరే, నిన్ను వార్డెన్ సార్ పిలుస్తున్నారు రా" అని జూనియర్‌ని బయటికి తీసుకొచ్చేయడం. "మామా, మెస్ మూసేస్తున్నారు" అనడం. చిన్న అబద్ధమే, పుణ్యం ఎక్కువ.

మూడోది చేయగలిగినవాళ్ళకి అప్పగించడం. అవతలివాడు తాగి ఉన్నా, చేతిలో ఏమున్నా మీరు మధ్యలో దూరకండి. వార్డెన్, సెక్యూరిటీ, హెల్ప్‌లైన్, 112. పిలిచేటప్పుడు గాల్లోకి కేకెయ్యకండి. "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు. "బ్లూ షర్టు అన్నా, మీరు ఫోన్ చేయండి" అనండి. ఆ మాటతో మూడో మెట్టు మీరే ఎక్కించేస్తారు.

ఇంకోటి, అప్పుడు ఏమీ చేయలేకపోయినా, తర్వాత వెళ్ళి "ఎలా ఉన్నావ్ రా, కంప్లైంట్ ఇస్తే నేను తోడొస్తా" అనొచ్చు. ఒంటరిగా లేను అనిపించడమే కొందరిని నిలబెడుతుంది.

చివరగా ఒక్క మాట. 2019లో ఆమ్‌స్టర్‌డామ్, ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వీధుల్లో సీసీ కెమెరాలకి చిక్కిన 219 గొడవలని పరిశోధకులు కూర్చుని చూశారు. 91 శాతం గొడవల్లో కనీసం ఒకరైనా మధ్యలోకి వచ్చి ఆపడానికి ప్రయత్నించారు. జనం ఎక్కువ ఉన్నచోట ఎవరో ఒకరు వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ కనిపించింది. ల్యాబ్‌లో గొంతు మాత్రమే విన్నవాడు తటపటాయించాడు. కళ్ళముందు గొడవ చూసినచోట ఎవరో ఒకరు కదిలారు.

అందుకే "జనం ఇంతే" అనే కామెంట్ నాకు నచ్చదు. అది నిజమూ కాదు, పైగా మనల్ని కూర్చోబెట్టేస్తుంది. ఎవడూ రాడు అని నమ్మినవాడు తనూ రాడు.

మీ హాస్టల్లో, మీ బస్సులో ఎవరైనా ఇలా ఆపిన సంగతి తెలిస్తే కామెంట్లలో రాయండి, పేర్లు మాత్రం వద్దు. ఈ ఎపిసోడ్‌ని మీ ఫ్లోర్ గ్రూపులో ఒకసారి పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.