పాత పరికరముల ఆయుర్దాయము

ఒక యంత్రము చెడిపోయినదనుట వేరు. అది ఇక బాగుపడదనుట వేరు. చెడిన భాగము ఏదో తెలిసి, దానికి బదులు మరియొకటి దొరికినంతకాలము ఏ యంత్రమైనను బ్రతికియున్నట్లే. గడియారమునకు, సైకిలుకు, నీళ్ల మోటారుకు ఈ సూత్రము వర్తించునని అందరికిని తెలియును. విద్యుత్ సంకేతములను కొలుచు ఎలక్ట్రానిక్ పరికరముల విషయములో మాత్రము ఒక వింత కనబడుచున్నది. డెబ్బది ఏండ్ల క్రిందట తయారైన ఆసిలోస్కోపును నేడు ఓపికగల విద్యార్థి బాగుచేయగలడు. దాని తరువాత ముప్పది ఏండ్లకు తయారై, అంతకంటె ఎన్నో రెట్లు మేలైన ఆసిలోస్కోపు చెడినచో, ఆరితేరిన ఇంజనీరు సైతము ఒక్కొక్కప్పుడు చేతులెత్తవలసివచ్చును. పాతది నిలిచి క్రొత్తది నిలువకపోవుటకు కారణమేమి? సమాధానము ఆ పరికరముల చరిత్రలోనే కలదు.

ఆసిలోస్కోపు అనగా విద్యుత్ పీడనము క్షణక్షణము ఎట్లు మారుచున్నదో తెరపై గీతగా చూపు పరికరము. దీనికి మూలమైన కేథోడ్ కిరణ నాళికను 1897లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించెను. నాళిక యొక్క ఒక కొననుండి వెలువడు ఎలక్ట్రానుల ధార రెండవ కొనయందలి పూతపై పడి వెలుగుచుక్కను కల్పించును. ఆ చుక్కను ఎడమనుండి కుడికి ఒకే వేగముతో నడపుచు, కొలువవలసిన పీడనముచే పైకిని క్రిందికిని కదల్చినచో తెరపై గీత ఏర్పడును.

రెండవ ప్రపంచ యుద్ధకాలములో రాడార్ అభివృద్ధి చెందెను. అందు సెకనులో పదిలక్షవ వంతు కాలములో జరిగిపోవు సంకేతములను చూడవలసిన అవసరము కలిగెను. అమెరికా సైన్యమున చేరి ఇంగ్లండులో రాడార్ పరిశోధనలో పనిచేసిన హోవర్డ్ వాలమ్ యుద్ధానంతరము స్వదేశమునకు మరలి, జాక్ మర్డాక్ మొదలగు మిత్రులతో కలసి 1946లో ఓరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండ్ నగరములో టెక్ట్రానిక్స్ సంస్థను స్థాపించెను. వారి తొలి ఆసిలోస్కోపు, యుద్ధము ముగిసిన పిదప ప్రభుత్వము అమ్మివేసిన మిగులు సామగ్రిలోని భాగములతో తయారైనది. 1947లో వారు విపణికి తెచ్చిన 511 అను నమూనా ధర 795 డాలర్లు. అది 10 మెగాహెర్ట్జుల వరకు సంకేతములను చూపగలిగెను. సంకేతము ఒక నిర్ణీత మట్టమునకు చేరినప్పుడే చుక్క తన పరుగు మొదలిడునట్లు అందు ఏర్పాటు చేయబడెను. అందువలన గీత తెరపై కదలక నిలిచెను.

ఆ కాలపు పరికరములలోని వాల్వులు చాలవరకు రేడియోలలోను, టెలివిజనులలోను వాడబడినవే. వాటిని పలు దేశములలో పలు సంస్థలు తయారుచేసెడివి. ఒకే వాల్వునకు అమెరికాలో ఒక పేరు, ఐరోపాలో మరియొక పేరు ఉండెడిది. అమెరికనులు 12 ఏయూ 7 అన్నదానినే ఐరోపావారు ఈసీసీ 82 అనిరి. 6 డీజే 8 అన్నను, ఈసీసీ 88 అన్నను ఒకటే. మన దేశములో బెంగుళూరునందలి భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీకి పూనుకొనెను. ఒక కర్మాగారము మూతపడినను మరియొకదాని సరుకు దొరకుచుండెడిది. మారుపేర్లు తెలిసినవానికి విడిభాగములకు కొరత ఉండెడిది కాదు.

భాగములతోపాటు జ్ఞానము కూడ పరికరముతోనే వచ్చెడిది. టెక్ట్రానిక్స్ వారి ప్రతి ఆసిలోస్కోపునకు ఒక గ్రంథమువంటి చేపుస్తకము ఉండెను. అందు పరికరము పనిచేయు విధము, పూర్తి వలయచిత్రములు, ముఖ్యస్థానములందు ఉండవలసిన వోల్టులు, అచ్చట కనబడవలసిన తరంగరూపములు, ప్రతి భాగము యొక్క విలువయు ముద్రింపబడియుండెను. చేపుస్తకములోని విలువను, పరికరములో కొలిచిన విలువను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో దోషమెచ్చటనున్నదో బయటపడును.

మరమ్మతు చేయువానిని తయారీదారు ఎంతగా తలచుకొనెనో తెలుపు చిన్న విశేషము ఒకటి కలదు. ఆ ఆసిలోస్కోపులలో భాగములను పింగాణీ పట్టీల గాళ్లలో అతికెడివారు. ఆ గాళ్లకు వెండిపూత ఉండెను. తగరము, సీసము కలిసిన మామూలు టంకము కరగినప్పుడు ఆ వెండిని తనలో కలుపుకొనును. కొన్ని మారులు అట్లు చేసినచో పూత పోయి, పట్టీ పనికిరాకుండపోవును. ఉప్పు నిండుగా కరగిన నీటిలో మరికొంత ఉప్పు కరగనట్లే, ముందే సుమారు 3 శాతము వెండి కలిపిన టంకము పూతనుండి వెండిని అంతగా లాగుకొనదు. అందుచే అట్టి టంకపు తీగను ఒక చిన్న చుట్టగా పరికరము లోపలనే అమర్చి పంపెడివారు. ఏండ్ల తరువాత దానిని విప్పబోవు మనిషికై ఆనాడే దాచిన మూట అది.

ఇట్టి పరికరములలో ముందుగా చెడునది సాధారణముగా వాల్వు కాదు, కెపాసిటరు. పూర్వపు రేడియో మెకానిక్కులు దీనినే కండెన్సరు అనెడివారు. కాగితమును పొరగా వాడిన కెపాసిటరులో కాలక్రమమున తేమచేరి, ఆగవలసిన ఏకముఖ విద్యుత్తు కొద్దికొద్దిగా కారును. ఒక వాల్వు ప్లేటుపై 150 వోల్టులున్నవనుకొందము. ప్రక్క వాల్వు గ్రిడ్‌కు 1 మెగోమ్ నిరోధకము ఉన్నది. నడుమనున్న కెపాసిటరు 49 మెగోముల నిరోధకమువలె కారుచున్నచో, ఓమ్ సూత్రము ప్రకారము 3 మైక్రో ఆంపియర్ల ప్రవాహము ఏర్పడి, గ్రిడ్‌పై 3 వోల్టుల ధన పీడనము నిలుచును. రుణ పీడనముండవలసినచోట ధన పీడనము చేరుటచే వాల్వు మితిమీరిన ప్రవాహముతో వేడెక్కి పాడగును. మూలము తెలియనివాడు వాల్వును మార్చును. క్రొత్త వాల్వును అట్లే పోవును.

అల్యూమినియమ్ రేకుపై సన్నని ఆక్సైడు పొరగల ఎలక్ట్రొలిటిక్ కెపాసిటరుల దోషము వేరు. పెక్కేండ్లు వాడక ఉంచినచో ఆ పొర క్షీణించును. లోపలి ద్రవము ఎండనిచో, పీడనమును మెల్లమెల్లగా పెంచి ఆ పొరను తిరిగి కట్టించవచ్చును; ఒక్కసారిగా పూర్తి పీడనము పెట్టినచో కెపాసిటరు పగులవచ్చును. సెలీనియమ్ రెక్టిఫయరుకు బదులు నేటి సిలికాన్ డయోడును పెట్టవచ్చును. కాని సిలికాన్‌లో పోవు వోల్టులు తక్కువగుటచే తరువాతి పీడనము పెరుగును. ఆ హెచ్చును తగ్గించుటకు తగిన నిరోధకమును వరుసలో చేర్చవలెను. బదులుభాగము వెదకుట అంగడి పని మాత్రమే కాదు, భౌతికశాస్త్రపు పని కూడనని దీనివలన తెలియుచున్నది.

దీనికి మరియొక చక్కని ఉదాహరణము హ్యూలెట్, ప్యాకార్డ్ అను మిత్రులు 1939లో స్థాపించిన సంస్థవారి తొలి పరికరము. అది ధ్వని పౌనఃపున్యములను పుట్టించు ఆసిలేటరు. అందులో ఒక చిన్న విద్యుద్దీపము కలదు. అది వెలుగుకొరకు కాదు. దీపపు తీగ వేడెక్కినకొలది దాని నిరోధము హెచ్చును. కంపనము పెరిగినప్పుడు దీపము వేడెక్కి వర్ధకపు బలమును తగ్గించును. కంపనము తగ్గినప్పుడు చల్లబడి బలమును పెంచును. అందుచే తరంగపు ఎత్తు స్థిరముగా నిలుచును. ఈ రహస్యము తెలియక ఏదో ఒక దీపమును తగిలించినవానికి పరికరము లొంగదు.

1960లలో పరిస్థితి మారసాగెను. వేగము పెరిగినకొలది అంగడి సరుకు చాలకపోయెను. జపానుకు చెందిన లియో ఎసాకి 1957లో కనుగొన్న టన్నెల్ డయోడు మిక్కిలి వేగముగా స్థితి మారునదగుటచే, చుక్క పరుగును ఆరంభించు వలయములందు దానిని వాడిరి. నేడు దానిని తయారుచేయువారు అరుదు. కొద్దిపాటి అధిక ప్రవాహమునకే అది నశించును. కేథోడ్ కిరణ నాళికలను టెక్ట్రానిక్స్ వారు స్వయముగా తయారుచేసుకొనెడివారు. నాళిక పగిలినచో మరియొక ఆసిలోస్కోపునుండి తీయుట తప్ప మార్గము లేదు. ఆనాటి కొన్ని నమూనాలలో అధిక పీడనపు ట్రాన్స్‌ఫార్మరును ఎపాక్సి జిగురులో పోతపోసిరి. కాలక్రమమున ఆ పోత లోపము పొంది, కొంతసేపు నడచి వేడెక్కగానే పీడనము పడిపోయి, తెరపై బొమ్మ ఉబ్బి చెదరును. అట్టి ట్రాన్స్‌ఫార్మర్లను కొందరు ఔత్సాహికులు తమ చేతులతో క్రొత్తగా చుట్టి పాత యంత్రములను నిలుపుచున్నారు. తీగ, ఓపిక, చుట్ల లెక్క ఉన్నచో అది సాధ్యమే.

1969లో 7000 శ్రేణి ఆసిలోస్కోపులు వెలువడెను. వాటి వలయములలో సంస్థ తన కర్మాగారములోనే చేసుకొన్న సమగ్ర వలయములు, అనగా చిప్పులు, ప్రవేశించెను. వాటిపై ఉన్నది సంస్థ సొంత సంఖ్య. దానికి మారుపేరు లేదు. దానిని చేసిన కర్మాగారము తప్ప మరియొక చోటు లేదు. 1994లో ఆ చిప్పుల విభాగము మ్యాక్సిమ్ సంస్థ చేతికి పోయెను. 1984లో వచ్చిన 2465 నమూనాలో చుక్కను ప్రక్కకు నడపు చిప్పు అట్టి సొంత తయారీయే. వేడికి అది చెడినచో, బదులుకొరకు అదే జాతి యంత్రమును మరియొకదానిని విప్పవలసినదే. ఇట్లు ఒకటి బ్రతుకుటకు ఒకటి బలియగును. లోకములో మిగిలిన వాటి సంఖ్య తగ్గుచునేయుండును.

ఇది తయారీదారుల దుర్బుద్ధి అనరాదు. 10 మెగాహెర్ట్జులనుండి 300 మెగాహెర్ట్జులకు ఎగబ్రాకవలెనన్నచో, ఆ వేగమునందుకొను భాగములు అంగడిలో లేనప్పుడు తామే చేసుకొనక తప్పలేదు. అయితే ఆ లాభమునకు చెల్లించిన మూల్యము ఆయుర్దాయము.

ఆ వంశములోనిదే అగు 2465 బి నమూనాలో భాగము అను మాటకే క్రొత్త అర్థము వచ్చెను. ఆ యంత్రము సరిగా కొలుచుటకు కావలసిన క్రమాంకన సంఖ్యలు ఒక జ్ఞాపక చిప్పులో నిలువయుండును. చాల యంత్రములలో ఆ చిప్పు లోపలనే చిన్న లిథియమ్ ఘటము పొదగబడియున్నది. ఘటము శక్తి ఉడిగిన దినమున సంఖ్యలు చెరిగిపోవును. తీగ తెగలేదు, నాళిక పగులలేదు, ఏ భాగమును కాలలేదు. అయినను యంత్రము కొలత మరచును. ఆ సంఖ్యలు ఏ అంగడిలోను దొరకవు, మరియొక యంత్రపు సంఖ్యలు దీనికి సరిపడవు. చేతనైనవారు ఘటము చావకముందే సంఖ్యలను చదివి భద్రపరచుకొందురు. ఆలస్యమైనచో ప్రామాణిక పరికరములు తెచ్చి మొదటినుండి క్రమాంకనము చేయవలెను.

ఇంతవరకు చెప్పినదాని సారము ఇది. పరికరము యొక్క ఆయువు దాని బలమునుబట్టి కాదు, దానిగురించి ఎంత వ్రాసియుంచిరి, దాని భాగములను ఎందరు చేయగలరు అనుదానినిబట్టి నిర్ణయమగుచున్నది. ఓరెగాన్‌లో టెక్ట్రానిక్స్ పూర్వోద్యోగులు నెలకొల్పిన వింటేజ్‌టెక్ మ్యూజియము పాత యంత్రములను కాపాడుచున్నది. చేపుస్తకములను ప్రతులు తీసి నలుగురికి అందించుచున్న ఔత్సాహికులు పెక్కుదేశములలో కలరు. ఇది పాతవస్తువులపై మమకారము మాత్రమే కాదు; వలయచిత్రమును చదువు విద్యను నిలుపుట.

మన పాఠశాలల, కళాశాలల గదులలో మూలబడిన పరికరములను పాత ఇనుముగా అమ్ముటకు ముందు ఉపాధ్యాయులు గమనింపదగిన సంగతులు కొన్ని కలవు. మొదటిది ప్రాణరక్షణ. పాత ఆసిలోస్కోపులలో కొన్నిటియందు నాళికకు 10,000 వోల్టులవరకు పీడనముండును. తీగ పెరికిన పిమ్మటను కెపాసిటరులలో విద్యుత్తు నిలిచియుండును. కావున అనుభవజ్ఞుని సమక్షమున తప్ప విద్యార్థులచే మూత తీయింపరాదు. రెండవది, చేపుస్తకమును సంపాదించి పరికరముతో కలిపియుంచుట. అది లేనిదే మరమ్మతు గ్రుడ్డివాని వేట. మూడవది, చేసిన ప్రతి మార్పును తేదీతో ఒక కాగితముపై వ్రాసి మూత లోపల అంటించుట. పింగాణీ పట్టీలతోపాటు వెండి టంకపు చుట్టను అమర్చి పంపినవాడు చేసిన పనియు ఇదియే: తన తరువాత వచ్చువానికి ఏమి కావలెనో ముందే అక్కడ ఉంచుట.