నెమరు

'రూమినేట్' అనే ఇంగ్లీషు మాటకి నిఘంటువుల్లో రెండర్థాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పశువు నెమరువేయడం, రెండోది మనిషి లోతుగా ఆలోచించడం. లాటిన్‌లో 'రూమెన్' అంటే గొంతుక. దాన్నుంచి వచ్చిన 'రూమినారే' అనే క్రియకి ఆ భాషలోనే మనసులో తిప్పి తిప్పి చూడటమనే అర్థం కూడా ఏర్పడింది. పదహారో శతాబ్దంలో ఇది ఇంగ్లీషులోకి చేరింది. మనమూ జ్ఞాపకాల్ని నెమరువేసుకునేవాళ్లమే కాబట్టి ఈ పోలిక కొత్తేమీ కాదు. కానీ ఎవరు నెమరువేస్తున్నారన్న దాన్ని బట్టి ఈ మాట విలువ ఎలా మారుతూ వచ్చిందన్నదే నా ప్రశ్న.

మధ్యయుగపు క్రైస్తవ మఠాల్లో ఇది గౌరవప్రదమైన మాట. అక్కడ చదవడమంటే పవిత్ర వాక్యాన్ని పెదవుల మీద పలుకుతూ, కంఠస్థం చేసి, నమిలి సారం పీల్చుకోవడం. చదువు ఆహారాన్ని నోట్లో పెడుతుంది, ధ్యానం దాన్ని నములుతుంది అన్న పోలిక పన్నెండో శతాబ్దపు సన్యాసి రెండో గీగో చేశాడు. అంతకుముందే, 731లో పూర్తిచేసిన చరిత్రలో, బీడ్ పశువుల కాపరి కేడ్‌మన్ కథ చెప్పాడు. విట్బీ మఠంలో వాళ్లు వినిపించిన బైబిల్ కథల్ని కేడ్‌మన్ శుద్ధమైన పశువులా నెమరువేసి పాటలుగా మార్చేవాడట. ఆ మఠానికి అధిపతి హిల్డ్ అనే స్త్రీ. స్త్రీపురుషులిద్దరూ ఆమె పాలనలో ఉండేవాళ్లు. కేడ్‌మన్‌ని మఠంలో చేర్చుకుని, కథలు నేర్పించమని చెప్పింది ఆమే. ఆమె రాసిందేదీ మాత్రం మనకి మిగల్లేదు.

ఇరవయ్యో శతాబ్దం చివర ఇదే మాట మనస్తత్వశాస్త్రంలో రోగలక్షణమైంది. పురుషులకన్నా స్త్రీలలో డిప్రెషన్ దాదాపు రెండింతలు ఎందుకుంటోందని వెతికిన సూసన్ నోలెన్-హోక్సెమా, 1987 నుంచి దీన్ని ఒక కారణంగా చూపింది. బాధని, దాని కారణాల్ని పదేపదే తలచుకోవడం బాధని పెంచుతుందని ఆమె వాదం. 2003లో వచ్చిన ఆమె పుస్తకం పేరే 'మరీ ఎక్కువగా ఆలోచించే స్త్రీలు' అని అర్థమిచ్చేది. "ఊరికే ఆలోచించకే" అనే మన ఇళ్లలోని మాటకి శాస్త్రం ముద్ర వేసినట్టుంటుంది.

కానీ ఆమెని అలా తేల్చేయడం అన్యాయం. స్త్రీలు ఇలా ఆలోచనలో చిక్కుకోవడానికి ఎడతెగని ఒత్తిళ్లూ, జీవితం తమ చేతుల్లో లేదన్న భావనా కారణాలని 1999లో ఆమె, సహ పరిశోధకులు చూపించారు. 2003లో మరో పరిశోధనలో ఈ నెమరులోనే రెండు రకాలు వేరుచేశారు: అర్థం చేసుకోవాలని చూసేది ఒకటి, ఉన్నచోటే కుమిలిపోయేది ఇంకొకటి. ఈ రెండోదానికి వాడిన 'బ్రూడింగ్' కోడి గుడ్లు పొదగడానికి వాడే మాటే!

మన అలంకార శాస్త్రంలోనూ ఇలాంటిదే ఉంది. అభినవగుప్తుడు రసాస్వాదనని 'చర్వణ' అన్నాడు. అదే నమలడం 'చర్విత చర్వణం' అయ్యేసరికి నింద. స్త్రీల రచనల మీద "మళ్లీ అవే బాధలా?" అన్న విసుగు మనం విననిదేం కాదు.

ఆవు గబగబా మింగిన గడ్డినే నెమరువేస్తుంది. స్త్రీలు మింగేవీ చాలావరకు అలా మింగినవే. అప్పటికప్పుడు జవాబు చెప్పే వీలుండదు. అవి మళ్లీ పైకి రావడం జబ్బు కాదు, అరగకుండా ఉండిపోవడమే జబ్బు. కేడ్‌మన్‌కి హిల్డ్ ఇచ్చింది ప్రతిభ కాదు. నీడ, తీరిక, అతను చెప్పేది వినే మనుషులు. ఆలోచన తగ్గించుకోమని ఒక స్త్రీకి చెప్పేముందు, వీటిలో ఆమెకి ఏవి ఉన్నాయో అడగాలి.