పట్టాలు కలిసిన పిదప పట్టికలు

తూర్పుతీరపు రైలుమార్గము బెజవాడ నుండి కటకము వరకు 1893–1896 సంవత్సరముల నడుమ నిర్మితమైనది. 1901లో దాని దక్షిణభాగము మద్రాసు రైల్వే చేతికిని, 1902లో ఉత్తరభాగము బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికిని పోగా వాల్తేరు ఆ రెండు కంపెనీలకు పొలిమేర అయినది. గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి మన పెద్దలు ఖరగ్‌పూరు కర్మాగారమునకు పనికై వచ్చినది ఈ ఉత్తరభాగము మీదుగనే. పట్టాల వెడల్పు ఒకటే గనుక బండికి పొలిమేర తెలియదు. లెక్కలకు మాత్రము తెలియును. ఒక కంపెనీ వ్యాగను మరియొక కంపెనీ దారిపై నెన్నాళ్లు నిలిచినది, దెబ్బతిన్నచో బాగుచేయవలసినవారెవరు, బాడుగ యెంత? ఇట్టి ప్రశ్నలకు ఉమ్మడి నియమములు కూర్చుటకు 1903లో భారత రైల్వే కాన్ఫరెన్సు సంఘము వెలసినది.

నేడు ప్రభుత్వోద్యోగులకు అంతర్జాలముపై బోధించుచున్న ‘ఇంటరాపరబిలిటీ’ అను పెద్దమాట వెనుక నున్నది ఇట్టి లెక్కయే. ఒక శాఖ కంప్యూటరు వ్రాసినది మరియొక శాఖ కంప్యూటరునకు అదే అర్థముతో తెలియవలెను.

ఈ అవసరము రైల్వేలో సామాన్యుని కంటబడినది రిజర్వేషను కిటికీ వద్ద. ‘క్రిస్’ అను రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము 1986లో ఏర్పడినది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులందు రిజర్వేషను కంప్యూటర్లు నెలకొన్నవి గాని, ఒక్కొక్కటి తన బండ్లనే యెరుగును. సికింద్రాబాదులో బయలుదేరు ఫలక్‌నుమా కలకత్తా కంప్యూటరునకు పరాయి బండి. పండుగకు ఊరు వెళ్లు కుటుంబమునకు పోవు టిక్కెట్టు చేతిలో నుండెడిది, తిరిగివచ్చు బెర్తు దైవాధీనముగా నుండెడిది. ‘కాన్సర్ట్’ అను క్రొత్త ప్రోగ్రాము 1994లో మొదట సికింద్రాబాదున అమలైనది. తెలుగునగరము ముందడుగు వేయుట మనకు ముచ్చటయే. 1999 ఏప్రిలు నాటికి ఐదు కేంద్రములును ఒక్కటైనవి. తీగలు కలుపుట ఇందులో తేలిక భాగము. స్టేషను సంకేతము, బండి సంఖ్య, తరగతి గుర్తు అన్నిచోట్ల ఒకే అర్థమిచ్చునట్లు అందరు నొప్పుకొనుట బరువైన భాగము.

స్టేషనుకు సంకేతము కలదు. మరి మనిషికో? తెలుగువానికి ఇంటిపేరు ముందు, బెంగాలీకి చివర. బొడ్డేపల్లి అప్పారావు అను ఉద్యోగి యొకడున్నాడనుకొందము. సర్వీసు రిజిస్టరులో అతడు బి. అప్పారావు, ఆధారులో అప్పారావు బొడ్డేపల్లి, పాన్ కార్డులో ‘అప్ప’ యొక ముక్క, ‘రావు’ యొక ముక్క, బ్యాంకు పుస్తకములో రావే ఇంటిపేరు! ఇరుగుపొరుగునకు ఈ నలుగురును ఒక్కడే, యంత్రమునకు నలుగురు. కాగితముల కాలమున గుమాస్తా యెదుట నిలిచి చెప్పుకొన్న చాలవరకు సరిపోయెడిది. అప్పారావు గతించిన పిమ్మట కుటుంబ పింఛనుకై వచ్చిన భార్య, ఈ నలుగురిలో తన భర్త యెవరో అఫిడవిట్లతో నిరూపించుకొనవలసివచ్చును. ఇంటిపేరును పొడి అక్షరముగా కుదించు మన అలవాటును ఇందుకు కొంత కారణమే.

ప్రభుత్వము ఈ చిక్కును గుర్తింపకపోలేదు. వ్యక్తుల వివరములకు, ఊళ్ల సంకేతసంఖ్యలకు ప్రమాణములు 2011లో వెలువడినవి. వ్యవస్థల అనుసంధానమునకు ఒక చట్రము 2015లో వచ్చినది. 2020 సెప్టెంబరులో మిషన్ కర్మయోగికి మంత్రివర్గ ఆమోదము లభించగా, ‘ఐగాట్’ ద్వారా ఉద్యోగి తన బల్లయొద్దనే పాఠములు చదువుకొను వీలు కలిగినది. అదే యేడు నవంబరులో రైల్వే ఉద్యోగుల సర్వీసు వివరములను వారి కంటికే చూపు హెచ్.ఆర్.ఎం.ఎస్. వచ్చినది. ఐరోపా సమాఖ్యయు ఇట్టి అనుసంధానమునకై 2024లో ప్రత్యేక చట్టమును అమలులోనికి తెచ్చినది.

మన ఊరిలోనే చక్కని ఉదాహరణ యొకటి కలదు. హిజ్లీ చెరసాల ప్రాంగణమున వెలసిన ఐ.ఐ.టి. రూపొందించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018 జూనులో జాతికి అంకితమైనది. ఎన్నో సంస్థల గ్రంథపట్టికలను అందులో ఒక్కచోట వెదకవచ్చును. గ్రంథకర్త పేరు ఏ గడిలో, భాష ఏ గడిలో నుండవలెనో నిర్ణయమైన పిదపనే అది సాధ్యమైనది.

తెరపై పాఠములను గబగబ జరిపి, ప్రశ్నలకు జవాబులు నొక్కి, పత్రము పొందుటయే చదువనుకొనువారు లేకపోలేదు. తప్పు వారిదొక్కరిదే కాదు. సర్వరు, ప్రోటోకాలు అను మాటలు పద్దు ఎక్కించు గుమాస్తాకు ఏమి చెప్పును? అప్పారావు నాలుగు కాగితములను తెరపై ప్రక్కప్రక్కన నుంచి, వీనిలో ఏది నిలుపవలెను, తక్కిన మూడింటిని ఎవరు ఎట్లు సరిదిద్దవలెను అని అడిగిన పాఠము అతనికి గంటలో బోధపడును.